క్షయ – మన పల్లెలు – దగ్గుమందు

(మన సంఘము యుగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



పంచాంగ శ్రవణమునకును పిల్లల పాటలకును నడుమ రోగము మాట ఎత్తుట బాగుండునా అని కార్యదర్శిగారు మొదట సందేహించినారు. ఆయన సందేహము న్యాయమే. నేను డాక్టరును కాను. పదవ తరగతితో చదువు ముగించి రైల్వేలో చేరి, టిక్కెట్టు కిటికీ వెనుక కూర్చుండువాడను. అయినను 1882లో మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరములో రాబర్ట్ కాక్ అను వైద్యుడు క్షయకు కారణమైన క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించినాడు. ఆ దినమును లోకమంతటను క్షయ దినముగా జరుపుచున్నారు. మన యుగాది ఏటేట ఆ దినమునకు కొంచెము ఇటో అటో వచ్చుచుండును. పచ్చడిలో చేదు కూడ ఉండవలెను గదా అని ఆయనను ఒప్పించినాను.

నేను చెప్పవలసినది మా ఇంటి సంగతి. మా అక్కను పావగడ తాలూకాలో మా మేనత్త కొడుకునకే ఇచ్చినాము. పావగడ ఎట్టి చోటో తుమకూరులో ఉన్న తెలుగువారికి చెప్పనక్కరలేదు. కాగితము మీద ఈ జిల్లాయే. చుట్టును చాలవరకు ఆంధ్రదేశము. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము. వాన పడితే శెనక్కాయ, వాన తప్పితే బెంగుళూరు కూలి. మా బావయు అట్లే రెండేండ్లు బెంగుళూరులో మేడలు కట్టుచోట పని చేసి, 2019 సంక్రాంతికి ఊరు చేరినాడు. అప్పటికే దగ్గుచున్నాడు.

ఫోనులో అడిగినాను: “ఏం బావా, ఇంకా దగ్గు పోలేదా?”

“సిమెంటు దుమ్ము బామ్మర్దీ. ఊరి గాలికి అదే పోతాదిలే.”

ఊరి గాలికి పోలేదు. మొదట దగ్గరలోని ఒక చిన్న వైద్యశాలకు పోయినాడు. ఒక సూది వేసి ఎఱ్ఱని సీసా ఇచ్చినారు. మూడు వారముల తరువాత మరియొక చోటికి పోయినాడు. అక్కడ వేరు రంగు సీసా. ఆ రెండు చోట్ల పేర్లు చెప్పను. చెప్పి ప్రయోజనము లేదు, ఎందుకనగా మూడవ చోటు నేనే. మా స్టేషనుకు ఎదుటనున్న మందుల అంగడిలో “గట్టి దగ్గుకు మంచిది ఇవ్వండి” అని అడిగి, మూడు సీసాలు కట్టించి, పావగడ బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపినాను. పావగడకు అప్పుడు రైలు లేదు. బావకు గొప్ప ఉపకారము చేసినాననియే అనుకొన్నాను.

మే నెల వచ్చుసరికి మనిషి 42 కిలోలకు దిగినాడు. సాయంకాలమునకు జ్వరము, రాత్రి చెమట. కూలికి పోవుట మానినాడు. ఒకనాడు ఊరి ఆశా కార్యకర్త మా అక్క చిన్నబిడ్డ సంగతి విచారించుటకు వచ్చినది. వచ్చినది వేరొక పనికి. వాకిటిలో నిలిచి వ్రాసుకొనుచుండగా లోపలి నుండి దగ్గు వినబడినది.

“ఎవురక్కా అది? ఎన్నాళ్ళ నుంచీ?”

“మా ఆయనే. నాలుగు నెలలయింది.”

“నాలుగు నెల్లా? కళ్ళె చూపించినారా?”

చూపించలేదు. నాలుగు నెలలలో ముగ్గురము మందిచ్చినాము, కళ్ళె పరీక్ష చేయుమని ఒక్కరమును చెప్పలేదు. ఆమె ఒక మూత ఉన్న చిన్న డబ్బా తెచ్చి ఇచ్చి, తెల్లవారగనే నోరు పుక్కిలించి, లోతుగా ఊపిరి పీల్చి, గుండెలోపలి నుండి వచ్చిన కళ్ళె పట్టవలెను, ఉమ్మి కాదు, అని చెప్పినది. ఇంటిలో కాదు, బయట గాలిలో పట్టుమన్నది. రెండు నమూనాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయినవి. గాజుపలక మీద పూసి, వేడిచేసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూచినారు. నీలి నేల మీద ఎఱ్ఱని చిన్న పుల్లల వలె క్రిములు కనబడునట. కాగితము మీద “2 ప్లస్” అని వ్రాసి ఇచ్చినారు. కానీ ఖర్చు లేదు. ఇది మొదటి వారములోనే జరుగవలసిన పని.

ఆ నాలుగు నెలలలో జరిగినది మరియొకటి ఉన్నది. మా మేనత్త ఆ ఇంటిలోనే, ఆ గదిలోనే పండుకొనెడిది. ఆమెకు చక్కెర జబ్బు. చక్కెర జబ్బు ఉన్నవారికి క్షయ పట్టుట ఇతరులకంటె రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆమె నీరసమును ముసలితనమనుకొన్నారు. బావకు తేలిన తరువాత ఇంటివారినందరిని పరీక్షించగా ఆమెకును ఉన్నట్లు తేలినది. మందు మొదలుపెట్టిన అయిదవ వారములో పోయినది. ఆమె చావునకు నేను పంపిన సీసాలు కారణమని ఎవరును అనలేదు. అక్క కూడ అనలేదు. ఆ సీసాలలో విషము లేదు, దగ్గును అణచు మందే ఉన్నది. కాని అది అణచినది దగ్గును కాదు, మా తొందరను.

ఈ దుఃఖములో నేను కొంత చదువుట మొదలుపెట్టినాను. అర్థమైనంత చదివినాను, కానిదానిని తెలిసినవారిని అడిగినాను. అప్పుడు తెలిసినది. ఇదే తుమకూరు జిల్లాలో 1960–61లోనే ఈ సంగతి అంతయు లెక్కకట్టి చూచినారట!

బెంగుళూరులో బళ్ళారి రోడ్డు మీద మైసూరు మహారాజావారి పాత భవనమొకటి ఉన్నది. అందులో 1959లో జాతీయ క్షయ సంస్థ ఏర్పడినది. 1960 సెప్టెంబరులో నెహ్రూగారు వచ్చి ప్రారంభోత్సవము చేసినారు. ఆ సంస్థవారు మన జిల్లా ఊళ్ళు తిరిగి ఎవరికి క్షయ ఉన్నదో పరీక్షలు చేసి కనిపెట్టినారు. వారి వెనుకనే డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అను ఇద్దరు రోగుల ఇండ్లకు పోయి, నీకు ఏమి బాధ, ఎవరికైన చెప్పుకొన్నావా అని విచారించినారు. అంతవరకు పెద్దల అభిప్రాయమేమనగా, పల్లెటూరివాడు అజ్ఞాని, రోగమును దాచుకొనును, వైద్యమునకు రాడు, వాని వెంట మనమే పడవలెను అని. విచారణలో తేలినది దీనికి విరుద్ధము. కళ్ళెలో క్రిములున్నవారిలో నూటికి 95 మందికి తమ ఒంటిలో ఏదో తేడా ఉన్నట్లు తెలుసు. సగమునకు పైగా అప్పటికే ఏదో ఒక వైద్యశాలకు పోయి వచ్చినవారే. వారికి అక్కడ దొరికినది తరచుగా ఒక దగ్గుమందు సీసా.

ఈ మాట చదివిననాడు నాకు నిద్ర పట్టలేదు. నా ఉద్యోగము కిటికీ వద్ద. ప్రయాణికుడు వరుసలో నిలబడి కిటికీ దాక వచ్చి చేయి చాచిన తరువాత, వానికి ఊరు తెలియదు, ప్రయాణము తెలియదు అని నేననవచ్చునా? వాడు వచ్చినాడు. టిక్కెట్టు ఇవ్వనిది నేను. 1963లో అచ్చయిన మాటను 2019లో మా ఇంటిలో మేము తిరిగి రుజువు చేసినాము.

ఆ విచారణల ఫలముగా ఏర్పడిన పద్ధతికి తొలి ప్రయోగస్థలము మనకు పొరుగుననున్న అనంతపురము జిల్లాయే. 1961లో అక్కడ మొదలైనది. జిల్లాకొక క్షయ కేంద్రము, అందులో ఎక్స్‌రే. తక్కిన ఆరోగ్య కేంద్రములలో సూక్ష్మదర్శిని. దగ్గుతో వచ్చినవాని కళ్ళె అక్కడికక్కడే చూచుట, మందు ఇంటికి దగ్గరలో ఇచ్చుట. క్షయకు ప్రత్యేక సైన్యము అక్కరలేదు, ఉన్న ఆస్పత్రియే తన తలుపు దగ్గరకు వచ్చిన దగ్గును వినవలెను అన్నదే దానిలోని ఆలోచన. మరుసటి సంవత్సరమే దేశమంతటికి జాతీయ కార్యక్రమమైనది. క్షయ విషయమున తెలుగు నేల వెనుకబడినది కాదని ఈ సందర్భమున చెప్పుకొందుము. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము శానిటోరియము 1915 నాటిది. మన దేశములో బి.సి.జి. టీకాలు మొదట వేసినదియు 1948లో మదనపల్లెలోనే.

శానిటోరియము అన్నాను గనుక ఒక మాట. మా తాతగారి కాలములో క్షయ అనగా కొండగాలి, పాలు, గుడ్లు, ఏండ్ల తరబడి మంచము. ధనికులకే సాధ్యము. అదియు క్షయ పట్టణపు రోగమన్న నమ్మకము ఉన్న కాలము. 1955 నుండి 1958 వరకు దేశమంతట జరిగిన సర్వేలో పల్లెలలోను పట్టణములలోను క్షయ ఇంచుమించు సమానమేనని తేలినది. అప్పుడు అందరును గుండె బాదుకొన్నారు: ఇందరికి మంచములెక్కడివి? దీనికి జవాబు మదరాసులో వచ్చినది. 1956లో అక్కడ ఒక చికిత్సా పరిశోధన కేంద్రము పెట్టి, నగరములోని బీదవారు 193 మందిని రెండు భాగములు చేసి, సగము మందిని శానిటోరియములో ఉంచి, సగము మందికి వారి ఇరుకు ఇండ్లలోనే అవే మందులు ఒక సంవత్సరము ఇచ్చినారు. శానిటోరియములో నూటికి 92 మంది, ఇంటిలో నూటికి 86 మంది బాగుపడినారు. ఇంటిలోని రోగి వలన ఆ ఇంటివారికి ఎక్కువగా అంటుకొన్నదియు లేదు, ఎందుకనగా అంటుకొనునదంతయు మందు మొదలుకాక ముందే చాలవరకు జరిగిపోవుచున్నది. 1959లో ఈ ఫలితములు ప్రకటించిన తరువాత లోకమంతటను శానిటోరియములు మెల్లగా మూతబడినవి. మదరాసులో బీదవాని గుడిసెలో తేలిన సత్యమును తెల్లవారి దేశములు స్వీకరించినవి. ఇట్టివి పాఠ్యపుస్తకములలో ఏల వ్రాయరో నాకు తెలియదు.

అయితే మందు ముందే మొదలైతేనే ఇంటివారికి రక్ష. మా మేనత్త విషయములో జరిగినది దీనికి తలక్రిందులు. మందు మొదలు కాని నాలుగు నెలలు ఆమె ఆ గదిలో ఉన్నది.

ఇక ఈనాటి సంగతి. దూరపు ఊళ్ళలో క్షయను కనిపెట్టుటకు నేడు ఉన్న సాధనములు 1961లో ఊహకు కూడ అందనివి. క్రిమి యొక్క జన్యువును పట్టుకొను యంత్రములు వచ్చినవి. కళ్ళె ఇచ్చిన రెండు మూడు గంటలలో క్షయ ఉన్నదో లేదో, ముఖ్యమైన మందైన రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగునో లేదో చెప్పివేయును. అందులో ట్రూనాట్ అనునది బెంగుళూరులో రూపొందినది, గోవాలో తయారగుచున్నది. బ్యాటరీతో నడచును గనుక కరెంటు పోయినను భయము లేదు, పావగడ ఎండలలో కరెంటు సంగతి మీకు తెలిసినదే. చేతితో పట్టుకొని పోగల ఎక్స్‌రే యంత్రములును వచ్చినవి. 2024 డిసెంబరులో మొదలైన నూరు దినముల ఉద్యమములో అట్టివి ఊళ్ళకు పోయినవి.

ఎక్స్‌రే ఎందుకని అడుగుదురేమో. 2019 నుండి 2021 వరకు దేశమంతట మరల సర్వే జరిగినది. క్షయ నిశ్చయముగా తేలినవారిలో నూటికి 42 మందికి పైగా దగ్గు, జ్వరము వంటి గుర్తులు చెప్పనివారే, ఎక్స్‌రే వలననే బయటపడినారు. కనుక దగ్గు లేదు గదా అని ఇంటిలో ఒకరికి తేలినప్పుడు తక్కినవారు పరీక్ష మానరాదు.

అదే సర్వేలో నన్ను చిక్కుపెట్టిన లెక్క ఒకటి ఉన్నది. గుర్తులు ఉన్నవారిలోనే నూటికి 64 మంది ఎక్కడికిని వైద్యమునకు పోలేదట. ఎందుకు పోలేదని అడుగగా, ఎక్కువమంది దానిని లెక్కచేయలేదని చెప్పినారు. అయితే తుమకూరు విచారణ తప్పా? పల్లెవాడు రాడన్న పాత మాటయే నిజమా? రెండును లెక్క పెట్టినది ఒకే రకపు మనుషులను కాదు, అది నిజమే. అయినను నాకు తోచినది చెప్పెదను, మీరు ఒప్పుకొనక పోవచ్చును. ఒక కిటికీ వద్ద రెండు మూడు మారులు వట్టిచేతులతో తిరిగి పోయినవాడు నాలుగవమారు రాడు. వాని కొడుకు మొదటిమారే రాడు. “దగ్గుకు ఏమిస్తారు, సీసాయే గదా” అని ఊరంతయు నేర్చుకొన్నది. ఆ పాఠము వారికి నేర్పినది మనమే.

దూరము అనగా మైళ్ళు మాత్రమే కాదు. మా బావ ఆ నాలుగు నెలలలో వైద్యమునకై చేసిన బస్సు ప్రయాణములు తొమ్మిది. ప్రతి ప్రయాణమునకు ఒక దినము కూలి పోయినది. దేశములో సూక్ష్మదర్శిని కేంద్రము లక్ష మందికి ఒకటి, కొండలలోను గిరిజన ప్రాంతములలోను 50 వేల మందికి ఒకటి అన్న లెక్కతో చాలకాలము నడచినది. లక్ష మంది ఒక పట్టణములో రెండు వీధులు, మా దిక్కు ఎన్నో ఊళ్ళు. అందుచేత మనిషి కదలుటకంటె కళ్ళె డబ్బా కదలుట మేలు. ఆశా కార్యకర్త చేతిసంచిలో పోయిన ఆ డబ్బా వలన బావకు పదవ ప్రయాణము తప్పినది.

మందు సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను, ఎందుకనగా చెడునది ఇక్కడనే. మామూలు క్షయకు మందు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు, ఒకే బిళ్ళలో కలిపి, బరువును బట్టి ఇన్ని బిళ్ళలని. బావకు దినమునకు మూడు. 2017 దాక వారమునకు మూడు దినములు మ్రింగించెడివారు, ఇప్పుడు ప్రతిదినము. మొదటినాడే బావకు మూత్రము ఎఱ్ఱగా నారింజ పండు రంగున పోయినది. రక్తమనుకొని బిళ్ళలు చూరులో దాచినాడు. రెండు దినములు మ్రింగలేదు. అది రిఫాంపిసిన్ రంగు, మందు ఒంటికి పట్టినదనుటకు గుర్తు, భయపడనక్కరలేదు అని ముందే ఎవరైనను ఒక్క మాట చెప్పియుండిన ఆ రెండు దినములు పోవు. ఇట్టి చిన్న మాటలు చెప్పువారు కరవు.

రెండవ గండము రెండవ నెల చివర. జ్వరము పోయినది, ఆకలి పుట్టినది, మనిషి లేచినాడు. “నాకేం బాగుండాను, ఇంగ ఆ బిళ్ళలెందుకు” అన్నాడు. మా అక్క చదువుకొన్నది నాలుగవ తరగతి. ఆమె అన్నది: “శెనక్కాయ సేనుకు మొదటి కలుపు తీస్తానే పంట వచ్చినట్టా?” ఆ పిమ్మట ఆయన ఎదురు చెప్పలేదు. సగములో ఆపినచో మిగిలిన క్రిములు మందుకు లొంగనివి కాగలవు. అట్టి క్షయకు చికిత్స కష్టము, మందులు వేరు, బాధ ఎక్కువ.

చిన్నబిడ్డకు మూడేండ్లు. పరీక్షించి రోగము లేదన్నారు. అయినను ఆరు నెలలు ఐసోనియాజిడ్ ఇచ్చినారు, రాకుండుటకు. రోగము లేని బిడ్డకు మందు ఎందుకని వీధివారందరును అడిగినారు. మా అక్క అందరికిని ఒకే జవాబు చెప్పినది, దానిని ఈ వేదిక మీద చెప్పజాలను.

తిండి మాట. పైన చెప్పిన మదరాసు పరిశోధనలో ఇంటిలో ఉన్నవారు తక్కువ తిండితోనే బాగుపడినారు గనుక, తిండి అంత ముఖ్యము కాదని చాలకాలము అనుకొన్నారు. 2019లో ఝార్ఖండ్‌లోని నాలుగు జిల్లాలలో మొదలైన పరిశోధనలో, మంగళూరు వైద్య కళాశాలకు చెందిన భార్గవ దంపతులు ముఖ్యులు. రోగి ఇంటివారికి మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యము, కిలోన్నర కందిపప్పు ఇచ్చి చూచినారు. అట్టి ఇండ్లలో తక్కినవారికి క్షయ వచ్చుట, ఇవ్వని ఇండ్లతో పోల్చినచో నూటికి 39 వంతులు తగ్గినది. 2023లో ఫలితములు ప్రకటించినారు. మందు రోగిని లేపును, పప్పన్నము రెండవవానిని పడనీయదు. సర్కారు 2018 ఏప్రిల్ నుండి రోగికి నెలకు 500 రూపాయలు తిండికై ఇచ్చెడిది, 2024 నవంబరు నుండి వెయ్యి చేసినారు. బావకు ఆ డబ్బు మూడవ నెలలో ఒక్కమారుగా వచ్చినది. అప్పటికి అక్క చెవికమ్మలు కుదువకు పోయినవి. డబ్బు రాలేదనను, ఆకలి దానికొఱకు ఆగలేదు.

పెద్దలారా, మనలో పావగడ, మడకశిర, హిందూపురము దిక్కులలో చుట్టములు లేని ఇల్లు ఎంత? వారు మన ఇంటికి వత్తురు, రాత్రి మన వసారాలో పండుకొని దగ్గుదురు. మనము పట్టణవాసులము, మందుల అంగడి ఎదుటనే ఉన్నది. నావలె సీసా కొని చేతిలో పెట్టకుడు. రెండు వారములు దాటిన దగ్గు అయితే ఆ ఉదయమే ఇక్కడి ప్రభుత్వ వైద్యశాలలో కళ్ళె పరీక్షకు ఇప్పించుడు, కూడ వెళ్ళుడు. ఊరికి పోయిన తరువాత చూచుకొందురులే అనకుడు. ఇక్కడ మందు మొదలుపెట్టి అక్కడ కొనసాగించు వీలు ఉన్నది. రోగి పేరు సర్కారు లెక్కలో ఒక నంబరుతో ఎక్కును, ఆ నంబరు చూపి ఊరి దగ్గరి కేంద్రములో మందు తీసికొనవచ్చును. బెంగుళూరుకు కూలికి పోవువారికిని ఇదే దారి.

మరియొకటి. క్షయ వచ్చినవాని కంచము, లోటా వేరుచేయుట మన ఇండ్లలో ఇంకను ఉన్నది. క్షయ కంచమున అంటదు, గాలిలో అంటును. కిటికీ తెరచి, నోటికి గుడ్డ కట్టించి, మందు మ్రింగించిన చాలును. మా ఇంటిలోనే మా మేనత్త కంచమును బయట అరుగు మీద బోర్లించినారు. ఆమె దానిని చూచుచు పోయినది. వైద్యము కాని ఆ పని వలన ఎవరికి మేలు కలిగినదో నేటికిని నాకు తెలియదు.

బావ ఆరు నెలలు పూర్తిచేసినాడు. చివరి పరీక్షలో కళ్ళెలో క్రిమి లేదు. ఇప్పుడు 57 కిలోలు. ఈ సంగతులు సభలో చెప్పవచ్చునా అని అడిగితే, “సెప్పు, నా పేరు మాత్రం వద్దు, పెద్దదానికి సంబంధాలు సూస్తాండాం” అన్నాడు. అందుచేత చెప్పలేదు. కార్యదర్శిగారు గంట చూపుచున్నారు, పిల్లలు పాటకు నిలబడినారు. సభ ముగిసిన తరువాత ఎవరికైన ఇంటిలో దగ్గు సంగతి ఉన్నచో, నేను పచ్చడి పంచు చోటనే ఉందును. మెల్లగా అడుగవచ్చును.